మిగిలిన నాలుగు గోలీలు

చదువు రానివాళ్లు మందులకు వస్తే మా విద్యార్థిని పూజ, మందుల కవరు మీద బొమ్మలు గీసేది. పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి చంద్రవంక. చూపు ఆననివాళ్లకైతే కవరు మూలను ఒక మడతో రెండు మడతలో మడిచి, వాళ్ల వేలు పట్టుకుని తడిమించి చూపేది. ఇది ఏ పాఠంలోనూ లేదు. మేమెవరమూ చెప్పలేదు. ఆ పిల్లకు తోచింది, చేసింది.

పూజది కేసముద్రం. తండ్రి ఐలేశ్ మార్కెట్ యార్డులో హమాలీ. మక్కజొన్న బస్తాలు మోసీ మోసీ అతని మెడ వెనక కాయ కాసింది. నడుము నొప్పికి తోటివాళ్లు ఇచ్చిన గోలీ ఏదైనా సరే వేసుకునేవాడు. పూజ ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు రక్తం కక్కుకుని పడిపోయాడు. వరంగల్ దవాఖానలో డాక్టరు, "ఏం గోలీలు వేసుకున్నావు?" అని అడిగితే, "ఎర్రటియి సార్" అన్నాడట. ఎర్రటివి అంటే ఏవో ఎవరికీ తెలియలేదు. భగవంతుని దయ వల్ల బతికి బయటపడ్డాడు. మా కాలేజీలో చేరడానికి వచ్చిన రోజు, ఫార్మసీయే ఎందుకని అడిగితే పూజ, "మా నాయిన ఏం మింగుతున్నడో నాకు ఎర్క ఉండాలె మేడం" అన్నది. నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు అంత మంచి జవాబు అంతకు ముందు వినలేదు.

మా కాలేజీ జనగామ దగ్గర ఉంటుంది. రెండేళ్ల డి ఫార్మసీ అయ్యాక పిల్లలు మూడు నెలలు ఏదో ఒక మందుల కౌంటర్‌లో నిలబడి పని నేర్చుకోవాలి. ఆ మూడు నెలలూ ప్రతి ఒక్కరూ ఒక పుస్తకం రాయాలని నేను పెట్టాను. పై వాళ్లు దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు, మా పిల్లలు మాత్రం మనసు నోటుబుక్కు అన్నారు. అందులో వారానికి ఒక పేజీ. ఏం జరిగింది, నేను ఏం చేశాను, నాకు ఎట్ల అనిపించింది, మళ్లీ అదే జరిగితే ఏం చేస్తాను. అంతే. మందుల పేర్లు బట్టీ పెట్టిన పిల్లలు చాలామంది ఉంటారు, తమ పనిని తాము తిరిగి చూసుకునేవాళ్లు కావాలని నా ఆశ.

మొదటి రోజే క్రాంతి అనే పిల్లవాడు లేచి, "మేడం, మనసుకు మార్కులెన్ని?" అన్నాడు. తరగతంతా నవ్వింది. వాడి మొదటి పేజీ ఇట్లా ఉంది: "ఈ వారం ఏమీ జరగలేదు. వచ్చే వారం కూడా ఏమీ జరగకుండా చూసుకుంటాను."

పూజ అట్లా కాదు. ఎంత చిన్న తప్పయినా రాసేది. తొందరలో ఒక పెద్దాయనను విసుక్కున్నానని, ఆయన వెళ్లాక వెనకాలే బస్టాండు దాకా ఉరికి మళ్లీ చెప్పి వచ్చానని రాసింది. అబద్ధం చెప్పడం తెలియని చేతిరాత. గుండ్రంగా, బడిలో మొదటి వరుసలో కూర్చునే పిల్ల రాసినట్టు.

ఆమెకు తొర్రూరులో ఒక చిన్న ప్రైవేటు దవాఖాన దొరికింది. అక్కడ కౌంటర్ చూసుకునే దయాకర్ మంచి మనిషి, మాటకారి. "నీ కాడికి మందులకొస్తున్రా, ముచ్చట్లకొస్తున్రా పిల్లా? నా దిక్కు లైను జరసేపు కూడా ఉంటలేదు, నీ దిక్కు బతుకమ్మ ఆడుతున్నట్టున్నది" అని ఎగతాళి చేసేవాడట. కానీ ముసలివాళ్లు వస్తే తనే పూజ వైపు పంపేవాడు.

అట్లా వచ్చిన వాళ్లలో చిలుకమ్మ ఒకరు. తొర్రూరు నుంచి ఆటోలో అరగంట దూరంలోని పల్లె. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, షుగర్ ఉంది. కొంగు ముడిలో ఎప్పుడూ ఏదో ఒకటి తెచ్చేది. కాల్చిన కంకి, ఇన్ని పల్లికాయలు, ఒకసారి రెండు సీతాఫలాలు. పూజ తినే దాకా కదిలేది కాదట. "సన్నగున్నవు బిడ్డా, మందులమ్మెదానివి, నీకే మందు కావలె" అనేదట.

దసరా అయిన వారం పూజ రాసిన పేజీ నాకు కంఠతా వచ్చు. ఇదీ ఆ పేజీ:

"ఏం జరిగింది: చిలుకమ్మ అవ్వ నెలకు ముప్పై షుగర్ గోలీలు తీసుకుపోతుంది. మళ్లీ వచ్చేటప్పుడు పాత పట్టీ తెస్తుంది. పోయిన మూడు నెలల ఆమె చీటీలు తీసి చూశాను. ప్రతి నెలా నాలుగు గోలీలు మిగులుతున్నాయి. అంటే నెలకు నాలుగు రోజులు మరిచిపోతున్నది.

నేను ఏం చేశాను: కోప్పడలేదు. నవ్వుతూ చెప్పాను. గోలీ తప్పితే కళ్లకు, కిడ్నీలకు ఏమవుతుందో చెప్పాను. అవ్వ తల ఊపింది కానీ సరే అనలేదు. అప్పుడు అవ్వ చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకున్నాను. 'నా మీద ఒట్టు, ఇగ ఒక్కనాడు కూడా తప్పద్దు' అన్నాను. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు. కడకు 'సరే బిడ్డా, నీ మీద ఒట్టు' అన్నది.

నాకు ఎట్ల అనిపించింది: ఇవాళ నేను నిజంగా ఫార్మసిస్టునయ్యాను అనిపించింది."

నేను ఆ పేజీ కింద ఎర్ర సిరాతో "చాలా బాగుంది. మనసుతో చేసిన పని" అని రాశాను. అంతటితో ఆగలేదు. తరువాత పిల్లలంతా కాలేజీకి వచ్చిన రోజున తరగతిలో చదివి వినిపించాను. "మందు ఇవ్వడం వేరు, మందు వేసుకునేట్టు చేయడం వేరు" అని చెప్పాను. పూజ తల వంచుకుని సిగ్గుపడింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాది జఫర్‌గఢ్. పెళ్లికి ముందు నుంచీ సోమవారం ఒక్కపొద్దు ఉంటాను. పొద్దంతా ఉపవాసం, ఒక్కపూట భోజనం. మా అమ్మ ఉండేది, నేనూ ఉంటున్నాను. నెలకు నాలుగు అన్న మాట చదవగానే నాకు తట్టాల్సింది. నాలుగు సోమవారాలు. ఎర్ర కలం పట్టుకున్న ఆ చేత్తోనే నేను ఆ పొద్దున శివునికి దీపం పెట్టి వచ్చాను. అయినా తట్టలేదు.

చిలుకమ్మ మరిచిపోలేదు. నాలాగే ఆమెకూ సోమవారం ఒక్కపొద్దు అని తరువాత తెలిసింది. ఆమెకు తన ఒంటి సంగతి తెలుసు. తిండి లేని రోజు ఆ గోలీ వేసుకుంటే కాళ్లూ చేతులూ వణుకుతాయని ఎప్పుడో కనిపెట్టి, ఒక్కపొద్దు నాడు మానేసేది. ఎవరూ చెప్పకుండానే సరైన పని చేస్తున్నది. దేవుని సంగతి చెబితే చదువుకున్న పిల్ల ఏమనుకుంటుందోనని పైకి చెప్పలేదు, అంతే.

కార్తీక మాసం పోతుండగా ఒక మధ్యాహ్నం చిలుకమ్మ కూతురు సత్తమ్మ కౌంటర్ దగ్గరికి వచ్చింది. అప్పుడు జరిగింది పూజే నాకు చెప్పింది. దయాకర్ కూడా పక్కనే ఉన్నాడు.

"మా అవ్వ పోయింది బిడ్డా. పదమూడు దినాలాయె" అన్నది సత్తమ్మ. సంచిలోంచి గోలీల పట్టీ తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇగో, ఇవి మిగిలినయ్. పారేసుడెందుకని తెచ్చిన. లేనోళ్లకెవలకన్న ఇయ్యి."

పూజ ఆ పట్టీ చేతిలోకి తీసుకుంది.

"నువ్వంటే మా అవ్వకు పానం. ఆఖర్కి కూడా నీ ముచ్చటే. కార్తీక సోమారం గద, సుక్క పొడిచేదాక మంచినీళ్లు కూడ ముట్టది. అసుంటిది పొద్దుగాల్నే గుక్కెడు నీళ్లు పోసుకోని గోలీ మింగింది. ఎన్నడు మింగేది గాదు ఒక్కపొద్దు నాడు. ఏందే అవ్వా ఇయ్యాల గిట్ల అంటే, 'ఒట్టు వెట్టిచ్చుకున్నదే ఆ పిల్ల. నేను తప్పితే దానికేమన్నయితది. పరాయి బిడ్డ, మనకెందుకా పాపం' అన్నది. అంతకు ముందటి సోమారాలు కూడా గట్లనే మింగిందంట. అప్పుడు చెమటలు వట్టి ఊకున్నయ్. ఈసారి మాపటీలకు ఒణుకుడు లేసింది. జరంత ఏమన్న తినవే అని కాళ్లు మొక్కిన. సుక్క పొడవలేదన్నది. గోడకు ఒరిగింది, సోయి తప్పింది. ఊళ్లె డాక్టరు వచ్చేటాల్లకు అయిపోయింది. గుండె ఆగిందన్నడు."

సత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముఖంలో ఏదో శాంతి కూడా ఉన్నదట. "సోమారం నాడు, ఒక్కపొద్దు మీద పోయింది బిడ్డా. శివుడే వచ్చి తీస్కపోయిండు. అసుంటి సావు ఎవలకొస్తది చెప్పు? ఊరు ఊరంతా అదే అనుకుంటున్నరు."

ఆమె వెళ్లిపోయాక పూజ ఆ పట్టీ చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. తెల్లవారి జనగామకు వచ్చి నా ముందు పుస్తకం పెట్టింది. కొత్త పేజీలో నాలుగు ప్రశ్నలకు మూడు జవాబులే రాసి ఉన్నాయి. "అవ్వ తిన్నదా అని నేను అడగలేదు, ఎందుకు మిగులుతున్నాయని అడగలేదు, ఒట్టు పెట్టించుకున్నాను" అని రాసి ఉంది. నాకు ఎట్ల అనిపించింది అన్న చోట మాత్రం ఏమీ లేదు.

నేను చదివాను.  తల ఎత్తకుండానే, "బిడ్డా, షుగర్ పడిపోయే పోయిందని ఎవలు చూసిన్రు? గుండె ఆగిందన్నరు కద. పెద్ద వయసు" అన్నాను.

"కాదని ఎవలు చూసిన్రు మేడం?"

నేను పుస్తకం మూశాను.

"సత్తమ్మ పెద్దమ్మకు చెప్పాలె" అన్నది పూజ.

"ఎందుకమ్మా? నువ్వు దాచుకోలేదు. రాసినవు. నేను చదివిన. దేవునికి తెలుసు, నీ మనసుల ఏమున్నదో."

"దేవునికి తెలిస్తే సరిపోయేదైతే, ఈ నోటుబుక్కెందుకు పెట్టిన్రు మేడం?"

ఆ మాట ఎదురు తిరిగి అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

సాయంత్రం దయాకర్ ఫోన్ చేశాడు. "మేడం, పిల్లను ఆపున్రి. ఆమె తప్పు కాదు, చీటీ డాక్టరుది, నేను పక్కనే ఉన్న, నేను కూడ అడగలే. నన్ను నేను కాపాడుకునుడు కాదు. నేను పరేషాన్ అయ్యేది పిల్ల కోసం. ఊరు పల్లె ఎట్లుంటదో మీకు తెల్వదా? ఆ పేజీ చింపెయ్యమనున్రి. నేను ఎవలకు చెప్ప."  తన మీదికి వస్తుందన్న భయం కూడా ఆ మాటల్లో ఉంది, అది తప్పనను. ఇంట్లో చిన్న పిల్లలున్న మనిషి.

పేజీ చింపమని నేను చెప్పలేదు, వెళ్లమనీ చెప్పలేదు. పూజ వెళ్తానంటే ఒక్కదాన్ని పంపలేక వెంట వెళ్లాను.

సత్తమ్మ ఇంటి ముందు మక్కకంకులు ఎండబోసి ఉన్నాయి. మమ్మల్ని చూసి చాలా సంబరపడింది. పీటలు వేసింది, చాయ పెట్టింది. మా అవ్వ చెప్పిన పిల్ల ఇదే అని పక్కింటి వాళ్లకు పూజను చూపించింది. వాళ్లు వెళ్లే దాకా పూజ ఆగింది. చాయ గ్లాసు ముట్టుకోలేదు. తరువాత కింద కూర్చుని చెప్పింది. పెద్ద పెద్ద మాటలు ఏమీ వాడలేదు. తిండి లేనప్పుడు ఆ గోలీ ఏం చేస్తుందో చెప్పింది. అవ్వ మానేసిందే సరైనదని, తను తెలియక మాన్పించానని చెప్పింది. "నేను ఒట్టు వెట్టిచ్చుకోకుంటే అవ్వ ఆ దినం మింగకపోయేది పెద్దమ్మా" అన్నది.

సత్తమ్మ చాలాసేపు మక్కకంకుల వైపే చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకుని, పూజకు కొంచెం దగ్గరగా జరిగాను.

"చెప్పకుంటెనే బాగుండు బిడ్డా" అన్నది చివరికి. గొంతులో కోపం లేదు. "ఇన్ని దినాలు శివుడు తీస్కపోయిండనుకున్నం. గా ఒక్క మాట వట్టుకోని ఏడుపు ఆపుకున్న. ఇప్పుడు ఎవలు తీస్కపోయిన్రనుకోవాలె?"

పూజ ఆమె కాళ్ల మీద తల పెట్టింది. సత్తమ్మ లేపలేదు, నెట్టలేదు. రెండు చేతులూ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాలిలోనే ఉంచుకుంది. మేము లేచి వాకిలి దాటుతుంటే మాత్రం వెనకాల నుంచి నన్ను పిలిచింది. "మేడం, పిల్లను ఒక్కదాన్ని వదలకున్రి. ఇంటికాడ దింపేదాక చూసుకోన్రి." అవ్వ బిడ్డే కదా. ఆ దుఃఖంలోనూ ఆమెకు ఆ మాట వచ్చింది. అది విన్నాక పూజ దారి పొడవునా ఏడ్చింది. అప్పటి దాకా ఏడవలేదు.

మరునాటి నుంచి పూజ కౌంటర్‌కు వెళ్లలేదు. శిక్షణ ఇంకో వారం రోజులే మిగిలింది. ఆ వారం పూర్తి చేస్తేనే చేతికి పత్రం వస్తుంది, అది ఉంటేనే ఫార్మసిస్టుగా పేరు నమోదవుతుంది. దయాకర్ ఆమె తెల్లకోటు ఉతికించి కొయ్యకు తగిలించాడు. "ఎప్పుడొస్తే అప్పుడే వారం అనుకుంట మేడం, రమ్మనున్రి" అన్నాడు. నెల దాటింది. ఐలేశ్ కాలేజీకి వచ్చి పదో తరగతి, ఇంటర్ కాగితాలు వాపసు ఇమ్మన్నాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"గోలీల పని ఒద్దంటున్నది మేడం. ఎంత బతిమిలాడినా ఇంటలేదు. మీరన్న చెప్పరాదు? మీ మాటంటే దానికి వేదం."

నా మాటే కదా దాన్ని ఇంత దూరం తెచ్చింది. ఆ సంగతి అతనికి చెప్పలేకపోయాను.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక రోజు కేసముద్రం వెళ్లాను. యార్డంతా పత్తి. ట్రాక్టర్లు, లారీలు, దుమ్ము. షెడ్డు కింద పూజ తల్లితో కలిసి రాశుల చుట్టూ రాలిన పత్తి ఏరుతోంది. తలకు తువ్వాల కట్టుకుంది. నన్ను చూసి నిలబడింది. మునుపటి లాగే రెండు చేతులూ జోడించింది.

"వారం రోజులే పూజా" అన్నాను. "ఇంత తెలుసుకున్నదానివి నువ్వు. ఇగ ఎన్నడన్న తిన్నవా అని అడగకుండ గోలీ ఇస్తవా? నీ అంత జాగ్రత్తగా ఎవలుంటరు చెప్పు. నీలాంటిదే ఆ కౌంటర్‌ల ఉండాలె."

"అందరు గదే అంటున్నరు మేడం."

"మరి?"

ఆమె వేళ్లకు అంటిన పత్తి పోగులు ఒక్కొక్కటే తీసుకుంది. "నేను తెల్వక చెప్పిన, అది సరే. గని కసురుకుంట చెప్తే అవ్వ ఇనకపోయేది మేడం. దయాకరన్న చెప్పినా ఇనకపోయేది. ఊఁ అని ఇంటికి పోయి తన తెలివితోని తను బతికేది. నేను నవ్వుకుంట చెప్పిన. నా నెత్తి మీద చెయ్యి వెట్టిచ్చుకున్న. అందుకే ఇన్నది. నాకు గదొక్కటే వచ్చు మేడం, గట్ల చెప్పుడు. ఇప్పుడు ఎవలను చూసి నవ్వాలన్నా భయమైతున్నది."

తప్పు చేసిన పిల్లకు ధైర్యం చెప్పే మాటలు నాకు చాలా వచ్చు. మంచితనానికి భయపడుతున్న పిల్లకు ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. "నీ పేజీ కింద ఏం రాసిన్నో గుర్తున్నదా?" అన్నాను. "ఒక్కపొద్దు ఉండేదాన్ని నేను. నాకు తట్టాలె. ఆ తప్పుల సగం నాది."

"సగం ఇస్తే నా కాడ తక్కువైతదా మేడం?" అని మెల్లగా అన్నది. అని, నన్ను నొప్పించానేమోనని కంగారు పడి, "మీరు పొద్దుగాల్నుంచి ఏమన్న తాగిన్రా? చాయ తెస్త" అన్నది.

ఇంతలో పక్క రాశి దగ్గర కూర్చున్న ఒక పెద్దమ్మ మా వైపు వచ్చింది. ఏదో ఊరి నుంచి పత్తి తెచ్చి తూకం కోసం కాచుకుని ఉన్న రైతు మనిషి. రొంటిన దోపిన గోలీల పట్టీ తీసి పూజ ముందు పెట్టింది.

"పిల్లా, సదువుకున్నట్టున్నవు. గిది పొద్దుగాల్దా, మాపటిదా జర చూడు బిడ్డా. కొడుకు చెప్పిండు గని మతికి లేదు."

పూజ చూపు పట్టీ మీద పడింది. పేరు చదివింది, నాకు తెలుసు. ఆమె కళ్లు ఆ అక్షరాల మీద కదలడం చూశాను. తరువాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకు సదువు రాదవ్వా" అన్నది.

తువ్వాల సర్దుకుని గంప ఎత్తుకుంది. రాశుల మధ్య నుంచి తల్లి ఉన్న వైపు వెళ్లిపోయింది.